నూట ఎనభై రెండో దినం

దేవరకొండల ఎరువుల దుకాణం మీది గది.
కేదారి సారు నా పాస్‌పోర్టును
బియ్యంల రాళ్లు ఏరినట్టు చూస్తుండు.
వచ్చిన ముద్ర, పోయిన ముద్ర,
నడుమ నేనీడ ఉన్న దినాలు
ఆయన వేళ్ల కణుపుల మీద.

"నూట ఎనభై ఒకటే అయితే
టాంజానియా జీతం మీద
రూపాయి పన్ను పడకపోవు పర్వతాలూ.
ఒక్క దినం ఎక్కువున్నవు.
ఎందుకున్నవయ్యా?"

ఏం చెప్పాలె.
ఆడ రిగ్గు మీద నేను దించిన బోర్లు నూటపదకొండు.
ఈడ, చందంపేటల, మా ఈదమ్మక్క చెల్క
మూడుసార్లు దుమ్మే కక్కింది.
నాలుగో పాయింటు నేను చూపిందే.
బండి వచ్చిన నాడే నా విమానం.
ఏడువందల నలభై అడుగుల కాడ
పొడి తడిసి ముద్దయింది.
టికెట్టు తెల్లారికి మార్చిన.

సారు కాలిక్యులేటర్ నా దిక్కు తిప్పిండు.
అంకె పెద్దదే.
"జ్వరమొచ్చి ఆగిన్నని రాయనా?"
రాస్తే దినం తగ్గుతదా సారూ?
"తగ్గదు."

మరైతే కట్టేస్త తియ్యి.
ఆ పొద్దు అక్క
చెంబు నీళ్లు నోట్లె పోసుకొని
చానాసేపు మింగలే,
ఉప్పగున్నయా, సప్పగున్నయా అని.