ఖాళీ గిన్నె బరువు

ముద్ద కట్టింది. కట్టి, పొడిబారి,
గరిటె తగలగానే
నెయ్యి చాలని సున్నుండలా రాలిపోయింది.
చిన్న ముక్క చల్లార్చి
నాలుక కొసకి తాకించాను.

మిరప మంట నాకు తెలుసు.
ముప్పై ఒక్క ఏళ్లు గుంటూరు యార్డులో కాటా రాసి,
తేజ ఏదో బ్యాడిగి ఏదో
తుమ్ముని బట్టి చెప్పినవాణ్ణి.
ఇది ఆ మంట కాదు.
టార్చిలైటు బ్యాటరీని నాకినట్టు
ఒక లోహపు చురుకు
చెవి వెనక దాకా పోయింది.

ఏం తప్పు చేశాను?
నీళ్లలోనే కాస్టిక్ వేశాను,
కాస్టిక్ మీద నీళ్లు పోయలేదు.
కిటికీ తీశాను. తొడుగులు వేసుకున్నాను.
స్టీలు గిన్నె, అల్యూమినియం కాదు.
ఒకసారి పాలలా పొంగి అంచు దాకా వస్తే
తిప్పి తిప్పి దించాను.
ఇంత తంటా ఈ చేతుల కోసమే.
యార్డు వదిలి రెండేళ్లయినా
వేళ్ల సందుల్లో ఎర్రటి పొలుసు;
కొట్టు సబ్బు పడదన్నాడు డాక్టరు.

సంగడిగుంట నుంచి కరీమూన్ వచ్చింది.
వాళ్ల నాన్నది బట్టల సబ్బు కార్ఖానా,
చిన్నప్పుడు కడ్డీలు తీగతో కోసిన మనిషి.
చెప్పులు విప్పుతూనే
"పారబోశావా?" అంది.
లేదన్నాను.
"మంచిపని. చెడిన సబ్బు మళ్లీ ఉడుకుద్ది."

రాలిన ముక్కని తొడుగు వేలితో నలిపింది.
"నూనె చాల్లేదు. కాస్టిక్ ఇంకా ఆకలి మీదుంది,
అందుకే నిన్ను కరిచింది."
కాగితం అడిగి చదివింది:
కొబ్బరి మూడొందలు, పత్తిగింజ నూటయాభై,
ఆముదం యాభై, కాస్టిక్ డెబ్బై ఎనిమిది.
"లెక్క బాగానే ఉంది. కొబ్బరి దేంట్లో తూచావు?"
గిన్నె చూపించాను.
"ముందు ఖాళీ గిన్నె బరువు తీసేశావా?"

కరెంటు పోయింది అప్పుడే.
లేక ఫ్యాను ఆగినట్టు నాకే అనిపించిందో.

ఆ తీసేయడమే నా జీతం.
కిలో గోతానికి రెండు కిలోలు.
తేమకి కొంత, మట్టికి కొంత, తొడిమకి కొంత,
కమీషన్ కొట్టాయన కనుబొమ్మ ఎత్తితే ఇంకొంత.
ఫిరంగిపురం వైపు రైతు బొల్లా అంకమ్మరావు
ఏటా ముల్లు వంకే చూసేవాడు, నా వంక కాదు.
ఒక్కసారి మాత్రం అడిగాడు:
"అయ్యా, ఈ గోతం మీ ఇంట్లోదా?
మా ఇంట్లోదైతే ఇంత బరువుండదే."
అందరూ నవ్వారు.
నేనూ నవ్వి, రాసేశాను.

గిన్నె తూచాం. అరవై రెండు గ్రాములు.
అంత స్టీలుని
కొబ్బరినూనె అనుకున్నాను.

"అంతే పొయ్యి. ఎగస్ట్రా ఏం కాదు,
నువ్వు ఎగ్గొట్టిందే" అంది కరీమూన్.
మామూలుగానే అంది.

ఈసారి సున్నా నొక్కి, రెండుసార్లు చూసి, అరవై రెండు.
వేడినీళ్లు మూడు చెంచాలు. సన్నటి సెగ. మూత.
ముద్ద మొదట ఒప్పుకోలేదు,
నూనె పక్కలకి జారి వేరుగా నిలబడింది.
తర్వాత మెదిపిన బంగాళాదుంపలా అయింది.
ఆ తర్వాత, అంచుల దగ్గర మొదలై,
వ్యాజిలైన్‌లా మెరుపు.
నా ముక్కు మీద చెమట గిన్నెలోకి పడబోతే
కరీమూన్ చొక్కా పట్టి వెనక్కి లాగింది.

మళ్లీ నాలుక మీద పెట్టాను.
సబ్బు. ఉత్త సబ్బు రుచి.
ఉమ్మేస్తుంటే నవ్వొచ్చింది.

"నూటికి అయిదు పాళ్ల నూనె
కాస్టిక్‌కి దొరక్కుండా మిగిలిపోద్ది.
ఆ మిగిలిందే చేతికి మెత్తన."
నూటికి అయిదు.
మేం తీసిందీ దాదాపు అంతే.

స్వీటు డబ్బాలో కాగితం పరిచి అదిమాను.
పైన అంతా ఎగుడుదిగుడు, దున్నిన నల్లరేగడి.
మర్నాడు తీగతో కోస్తే ఏడు ముక్కలు.
ఒకటి కాటా మీద పెట్టాను: నూట మూడు.
వారానికి తొంభై ఎనిమిది.
"ఆరేకొద్దీ తరుగుద్ది. గాలి తీసుకుంటది" అంది.
తేదీ వేసి, ఉన్నది ఉన్నట్టు రాశాను.

ఫిరంగిపురం బస్సు ఎన్నింటికో తెలుసు.
ఆయన ఉన్నాడో లేడో తెలీదు.
కాటా మీద ముక్క అలాగే ఉంది,
అంకెలు తొంభై ఎనిమిదికీ తొంభై ఏడుకీ మధ్య
ఎటూ తేలక ఊగుతున్నాయి.