మంగళవారం చలి

ఫోన్లో ఆవిడ చెప్పింది ఒక్కటే మాట:
"మంగళవారాలు మాత్రమే చలేస్తోంది."
తొమ్మిదేళ్ళుగా బాయిలర్లు బాగుచేస్తున్నాను,
వారం చూసుకుని మొరాయించేదాన్ని
ఇంతవరకూ ఎరగను.

మార్స్‌డెన్ కొండ కింద పొగచూరిన రాతి ఇళ్ళు,
ఒకదాని భుజాన ఒకటి ఒరిగి.
చివరి నుంచి రెండోది నోరీన్‌ది.
వంటింటి అలమారలో, టీ డబ్బాల పక్కన,
తెల్లపెట్టె నీలిమంటతో తనలో తాను గొణుక్కుంటోంది.
మీట నొక్కిపట్టి అయిదు లెక్కపెట్టాను.
యజమానులకు చూపించని అంకెలు
తెర మీదికి ఒక్కొక్కటే వచ్చాయి.

రేడియేటర్లకు వెళ్ళే నీళ్ళ వేడి, డెబ్బై.
యాభై ఎనిమిదికి దించాను.
"దించితే చలి పెరగదూ?"
"తిరిగొచ్చే నీళ్ళు చల్లగా ఉంటేనే
పొగలోని ఆవిరి నీరవుతుంది,
పట్టుకుపోతున్న వేడిని గొట్టం దాటకముందే వదిలేస్తుంది."
"మా అమ్మ కూడా అంతే" అంది నోరీన్,
"గుమ్మం దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కొచ్చి
పర్సులో ఉన్నదంతా చేతిలో పెట్టేది."

తర్వాతది వాలు.
బయట ఎంత చలైతే లోపల నీళ్ళు అంత కాగాలి,
ఆ లెక్క ఒకటిన్నర దగ్గర ఆగి ఉంది. బాగానే ఉంది.
దాని కింద ఇంకో అంకె:
బయటి వేడి, పంతొమ్మిది.

కిటికీ అవతల ఫిబ్రవరి.
పెరటి కుళాయికి మంచు మీసం.
బాయిలర్‌కి మాత్రం వసంతం వచ్చేసింది,
అందుకే పాపం, సగం నిద్రలో పనిచేస్తోంది.

వెనకవైపు గోడకు బొటనవేలంత సెన్సార్.
దానికి జానెడు కింద
పక్కింటి డ్రైయర్ గొట్టం నోరు తెరుచుకుని
సబ్బు వాసన ఊపిరి వదులుతోంది, వెచ్చగా, ఆగకుండా.

"డెరిక్‌ది" అంది తలుపు చాటు నుంచి,
ఆ పేరును పటకారుతో పట్టుకున్నట్టు.
గోడ మీద పాకిన తీగను అడక్కుండా నరికేశాట్ట.
పదకొండేళ్ళుగా మాటల్లేవు.
"పిల్లల రగ్బీ జట్టు బట్టలు.
ఆదివారం ఆట, సోమవారం నానబెడతాడు,
ఇవాళ ఆరబెడతాడు. పదిహేడు చొక్కాలు.
ఎనిమిదో నంబరుకి భుజం దగ్గర అతుకు.
కుట్టు రాదు వాడికి."

మాటల్లేకపోయినా ఇన్ని తెలుసు.

"అయితే వాడింటి వెచ్చదనమే
నాకు చలన్నమాట" అంది కాసేపటికి.

చిన్న పని. రెండు మరలు, రెండు మీటర్ల తీగ,
కిటికీకి అటుపక్క మంచి నీడ.
డ్రిల్ తీశాను.
ఆవిడ కప్పు రెండు చేతులా పట్టుకుని
చలిలోనే నిలబడింది.

"పోయిన శీతాకాలం
మూడు మంగళవారాలు వరసగా చలెయ్యలేదు నాకు.
సుఖంగా ఉందనుకున్నాను.
తర్వాత దుకాణంలో ఎవరో అన్నారు, గుండె అని,
ఆసుపత్రిలో ఉన్నాడని."

డ్రిల్ ఇంకా ఆన్ చెయ్యలేదు నేను.

"మొత్తం జరపకు. కాస్త జరుపు."

వాలుకి అంకె ఉంది,
పంపు ఆగే నిమిషాలకు అంకె ఉంది,
గడ్డకట్టకుండా కాసే కాపలాకీ ఉంది.
కాస్తకి
ఏ పుస్తకంలోనూ పేజీ లేదు.

మూరెడు పైకి, బెత్తెడు పక్కకి జరిపాను.
గొట్టం ఊపిరి ఇప్పుడు దాన్ని
అప్పుడప్పుడూ తాకి పోతుంది.
తెర మీద పంతొమ్మిది ఏడైంది.
బయట నిజానికి రెండు.
వాలు ఒక మెట్టు పెంచి, మూత బిగించి,
సర్వీసు కాగితంలో 'సెన్సార్ సరిచేశాను' అని రాశాను.
నా గురువు చూస్తే చెవి మెలేసేవాడు.

వ్యాన్ దగ్గరికి వస్తుంటే
డెరిక్ గడప మీద నిలబడి
డ్రైయర్ జల్లెడ లోంచి బూడిదరంగు నూగు దులుపుతున్నాడు.
నా వైపు కాదు, నా పెట్టె వైపు చూస్తూ అడిగాడు:
"ఆ ఇల్లు వెచ్చబడిందా?"

"దాదాపు" అన్నాను.