ఇరవై తొమ్మిది ఖాళీ గళ్లు

క్లాక్స్‌విక్ రేవులో ఆ వారమంతా పొగమంచు.
పడవలు కూతలు వేస్తూ ఒకదాన్నొకటి తడుముకుంటున్నాయి.
హానుస్ తలుపు నెట్టుకొచ్చి
ఉన్ని మేజోడులోంచి డిస్కు తీసి బల్ల మీద పెట్టాడు.

"అక్క బొమ్మలు ఇందులో ఉన్నాయి, రన్వా.
స్వెట్టర్ల అల్లికకి గీసుకున్న గళ్ల బొమ్మలు.
నా కంప్యూటరుకి తగిలిస్తే
ఇందులో ఏమీ లేదంది, సిద్ధం చెయ్యనా అంది.
మర్యాదగా అడిగింది కదా అని
సరే అన్నాను."

కాఫీ కప్పు కింద పెట్టేశాను.
ఆ 'సరే' ఎంత దూరం పోయిందో
అప్పుడే చెప్పబుద్ధి కాలేదు.

బైంటా యంత్రంలో ఉన్నది బీఎస్‌డీ.
చేపల లెక్కల ఆఫీసు పారేస్తే తెచ్చుకుంది.
దాని పంపకాలు వేరు:
బయటికి ఒక్కటే కమతం,
లోపల తన సొంత అడంగల్,
ఏ, బీ, సీ అని గదులు.
సీ అంటే మాత్రం గది కాదు, ఇల్లంతా.
విండోస్‌కి ఆ రాత రాదు.
రాదని ఒప్పుకోదు కూడా,
చదవలేని నేలని బంజరని రాసుకుని
తన సర్వే రాళ్లు పాతేస్తుంది.

సున్నా నుంచి ముప్పై మూడు దాకా
ముప్పై నాలుగు గళ్లు కొత్త పట్టా కింద పోయాయి.
దాని నకలు డిస్కు చివర మరో ముప్పై మూడు మింగింది.
పాత హద్దులు రాసి ఉన్నది మొదటి గడిలోనే.

గడి తరవాత గడి తెర మీదికి తెచ్చాను.
నాకు అల్లిక రాదు, అమ్మ సూదులు తీస్తే పారిపోయేదాన్ని.
హానుస్ పక్కన కూచుని కుట్లు లెక్కపెట్టినట్టు లెక్కపెట్టాడు.
ముప్పై నాలుగు, సున్నాలు.
ముప్పై అయిదు, సున్నాలు.
"అంచుకి వదిలిన వరసలా ఉంది" అన్నాడు.

అదే మరి.
ట్రాకుకి అరవై మూడు గళ్లని ఒకప్పుడు ఎవరో లెక్క కట్టారు.
ఆ లెక్క ఎప్పుడో అబద్ధమైపోయింది.
అయినా మొదటి ట్రాకు వదిలేసే
ఇల్లు మొదలుపెట్టేవాళ్లు,
ఎందుకని అడక్కుండా.
ఎవరికీ పనికిరాని ఇరవై తొమ్మిది గళ్లు.
కొత్త కాగితం వాటి ముందే ఆగిపోయింది.

అరవై నాలుగో గడిలో
57 45 56 82.
నా చేతి వెంట్రుకలు లేచాయి.
బైంటా ఇంటి తాళంచెవుల గుత్తి అది,
చెక్కుచెదరలేదు.

సాయంత్రానికి రెండు వందల పదకొండు బొమ్మలు వచ్చాయి.
ఆఖరిది డిస్కు కొసన ఉండి తెగిపోయింది,
ఒక చెయ్యి దాకానే.
క్షమించమన్నాను.
"దానికేం" అన్నాడు హానుస్, "రెండోదీ అంతేగా."

డబ్బు తీసుకోనంటే
ఎండబెట్టిన గొర్రె తొడ వదిలి పోయాడు.
పోయేముందు డిస్కుకి టేపు అంటించి
పెద్ద అక్షరాలతో రాసిచ్చాను:
ఇది ఖాళీ కాదు.
ఎవరడిగినా వద్దనండి.