లెక్కలో ఒకటి

ఏప్రిల్‌లో మొదటి వెచ్చని వాన పడ్డ రాత్రి
హిల్యా మా వోరు రోడ్డుకి అడ్డంగా నిలబడి
కట్టెల లారీలను కూడా ఆపేసేది.
అడవి నుంచి చెరువుకి గోదురుకప్పలు దాటే వేళ అది.
బురదకే కాళ్ళొచ్చినట్టు
నడిచేవి, గెంతేవి కావు,
తొందరేమీ లేదు, ఆగడం మాత్రం తెలీదు.

పిల్లలం బకెట్లతో ఏరేవాళ్ళం.
ఈ పక్క ఎత్తి ఆ పక్క దించడం, అంతే పని.
కప్పల తక్కెడ అని ఊరికే అనలేదు,
నాలుగు వేస్తే రెండు అంచెక్కి కూర్చునేవి.
దించిన ప్రతిదాన్నీ అరిచి చెప్పాలి,
హిల్యా తడి నోటు పుస్తకంలో గీత గీసేది.

ఒకదాన్ని నేను చెప్పలేదు.

కోటు జేబులో నా అరచేతికి ఆనుకుని
చల్లగా, బరువుగా, గరుకుగా ఉంది.
చేతిలో పోసింది కూడా. అయినా వదల్లేదు.
పక్కటెముకల దగ్గర పట్టుకుంటే
కీచుకీచుమని చిన్న కూత కూసింది.
నాతో మాట్లాడుతోందని
ఇంటిదాకా పరుగెత్తాను.

బడిలో పగిలిన పాత అక్వేరియం, కింద నాచు, ఒక సాసరు నీళ్ళు.
పోస్ట్‌మాస్టర్ అని పేరు పెట్టాను.
అలాగే కూర్చునేది మరి, పొట్ట ముందుకేసి,
ఎవరి ఉత్తరమూ అర్జెంటు కాదన్నట్టు.
పురుగు కదిలితేనే తినేది.
మింగేటప్పుడు కళ్ళు లోపలికి దిగిపోయేవి,
కళ్ళతోనే ముద్దను తోసుకునేది.
ఒంటి మీద పాత తోలు చొక్కాలా విప్పి
అదీ తినేసి, ఏమీ ఎరగనట్టు చూసేది.
అమ్మ దాన్ని తిట్టేది, సెలవుల్లో నేను లేకపోతే
వానపాములు తవ్వేదీ అమ్మే.

ప్రేమ కాదని ఎవరన్నా అంటే ఇప్పటికీ ఒప్పుకోను.

బయట మోకాలి లోతు మంచు.
దానికి మాత్రం మా హీటరు పక్కన
నిద్ర లేని శీతాకాలాలు, పదకొండు.
ఏటా ఏప్రిల్ వాన కిటికీ మీద పడగానే
అద్దం మూలకి చేరి గీరేది,
తెల్లారేదాకా, ఆ ఒక్క మూలే.
తొట్టిని తిప్పి పెట్టాను ఒకసారి.
అది కూడా తిరిగింది.
చెరువు అటువైపే.
లోకం చూడనివాణ్ణి బావిలో కప్ప అంటారు.
చూసినదాన్ని పట్టుకొచ్చి
నేను బావి కట్టాను.

కూత సంగతి తర్వాతెప్పుడో తెలిసింది.
మగ గోదురుకప్పను ఎవరు పట్టుకున్నా అలా కూస్తుందట.
దానికి ఒకటే అర్థం: వదులు.

ఒక నవంబరులో సాసరు పక్కన చచ్చిపోయింది.
నేల గడ్డకట్టి పార దిగలేదు.
ఉర్మస్ గునపం తెచ్చి తవ్విపెట్టాడు,
నవ్వుదామని చూసి, నవ్వలేదు.

మోకాళ్ళు పోయాక హిల్యా
నోటు పుస్తకాలన్నీ నాకిచ్చేసింది, పదహారు.
ఆ రాత్రి పేజీ వెతికాను.
గీతలు ఐదేసి కట్టలు కట్టి, కింద మొత్తం:
రెండొందల పన్నెండు.
దాని పక్కన పెన్సిల్‌తో, సన్నగా,
"ఇంకొకటి తావెత్ జేబులో."

పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను.
తెలిసీ ఎందుకు అడగలేదో
అడగడానికి వెళ్ళాను కూడా, రెండుసార్లు.
వెళ్ళి టీ తాగి వచ్చాను.

ఈ రాత్రి నేను రోడ్డుకి అడ్డంగా నిలబడ్డాను.
తొమ్మిదేళ్ళ ప్పిల్లే, ఉర్మస్ కూతురు,
నూట నలభై అని అరిచి
రెండో చెయ్యి జేబులోంచి తియ్యడం లేదు.
కోటు కొద్దిగా కదులుతోంది.
వానలో కూడా వినబడుతోంది ఆ కూత.

లాంతరు వెలుగు చెట్ల వైపు తిప్పాను,
మొహం కూడా అటే తిప్పుకున్నాను,
ఖాళీ బకెట్ ఆమె వైపు చాపి పట్టుకున్నాను.
నూట నలభై ఒకటో గీతకి
పెన్సిల్ చెవి మీద సిద్ధంగా ఉంది.
లారీవాడు హారన్ కొట్టాడు.
కొట్టుకోనీ.