తల్లిగారింటి తొవ్వ

కొత్తవాడల నా జిరాక్సు దుకాణం.
పగటి కరెంటు వచ్చే ఏళకు
పదకొండు మంది ఆడోళ్ళు,
గడప బయట ఇరవై రెండు చెప్పులు,
ప్లాస్టిక్ సంచి నిండ కార్డులు.

మూడేండ్ల చిట్టీ పైసలు. కాశి, అయోధ్య, గయ.
బస్సు మాట్లాడిండ్రు, వంటకు మనిషిని మాట్లాడిండ్రు.
నిన్న రాత్రి జంపఖానా అంచుకు ముళ్ళేసుకుంట
వంగ వజ్రమ్మ అన్నదట:
"గంత దూరం పోయి
సీతమ్మ తల్లిగారిల్లు చూడకుంట వస్తమా?
గయ నుంచి ఒక్క రాత్రే. జనకపురం.
గిట్ల పోయి గట్ల వచ్చుడు."

"అది వేరే దేశం, చిన్నమ్మా" అన్న.
"దేశమా? డ్రైవరు బస్సు పోతదన్నడు గదా."

కంప్యూటరు ముంగట కూసున్న.
వీసా అక్కర లేదు.
వీసా అక్కర లేదంటే ఏదీ అక్కర లేదని కాదు.
రేషను బియ్యానికి, గ్యాసు బండకు, పింఛనుకు,
ఆఖరికి సచ్చిపోయినోళ్ళ కాయితానికి గూడ
పనికొచ్చే ఆధారు
ఆ గేటు కాడ చెల్లదట.
పాస్‌పోర్టన్న ఉండాలె, ఓటరు కార్డన్న ఉండాలె.
అరవై అయిదు దాటినోళ్ళకు మాత్రం కొంచెం ఇడుపు.

"నాకు డెబ్బై" అన్నది బుచ్చవ్వ.
కార్డు చూసిన. అరవై రెండు.
జనవరి ఒకటి.
ఆమె ఒక్కతే కాదు,
పదకొండు మందిల ఎనమండుగురు జనవరి ఒకటినే పుట్టిండ్రు.
ఆ పొద్దు మంత్రసానికి ఎంత తిప్పలయిందో.

ఓటరు కార్డులు ఒక్కొక్కటే బల్ల మీద పెట్టిన.
కుసుమ కొంరమ్మ కార్డుల
కొమురయ్య. లింగం: పురుషుడు.
ఫొటో ఆమెదే, ముక్కుపుల్ల తోటి.
"అయిదు ఎలక్షన్లు దీంతోనే ఓటేసిన బిడ్డా,
ఎవ్వడు అడగలే."
"ఓట్ల కాడ అడగరు" అన్నది వజ్రమ్మ.
"అయినా పేరుదేమున్నది?
సీతమ్మనే జానకి, మైథిలి, వైదేహి.
ఆమె ఏ కార్డుల ఏం రాసుకున్నదో!"
దుకాణం పగిలేటట్టు నవ్విండ్రు.
కొంరమ్మ గూడ నవ్వింది, జరంత లేటుగ.

బుచ్చవ్వ గోడకు ఒరిగి అన్నది:
"మా తాతకు గూడ గిట్లనేనట.
జంపఖానాలు మోసుకొని బెజవాడ దిక్కు పోతె
నిజాం సరిహద్దు కాడ కరోడ్‌గిరోళ్ళు
మూట విప్పి ఎంచేటోళ్ళట.
హాలీ రూపాయిలిచ్చి కల్దార్లు తీసుకుంటె
రూపాయికి రెండణాలు ఆన్నే రాలిపోయేటియట.
ఇప్పుడు ఆ సరిహద్దు ఏడున్నది?
బస్సుల కునుకు తీస్తె దాటిపోతది."

ఇంకో అనుమానం, అది అందరిది:
"ఒడిబియ్యం పోనిస్తరా?
తల్లిగారింట్ల ఆడిబిడ్డకు పొయ్యాలె గదా.
అయిదు శేర్లు, పసుపు, కుడుకలు."
ఎంత సేపు వెతికినా
సరుకు అని ఉన్నది, సామాను అని ఉన్నది,
ఒడి అన్న మాట ఏడా లేదు.
"అడిగితె ఇడిసిపెడ్తరేమో" అన్న. అంతకు మించి నాకు తెల్వదు.

కొంరమ్మ కార్డు దిద్దుబాటుకు దరఖాస్తు పెట్టిన.
బస్సుకు ఇంక పన్నెండు రోజులే.
"రాకపోతె గేటు కాడ కూసుంట" అన్నది.
"మీ సంచులు చూసుకుంట. పొద్దు గూకేటాలకు రాండ్రి."
ఎవ్వరు మాట్లాడలే.
ఎన్క సందుల మగ్గం ఒకటి
పలక మీద పలక ఏస్తనే ఉన్నది.
వజ్రమ్మ కొంరమ్మ చెయ్యి పట్టుకొని
"నీ దోసెడు నేను పోస్త" అన్నది.
"నా దోసెడు నీ చేతులకెట్ల పడ్తది" అని
చెయ్యి ఇడిపించుకున్నది.

అన్ని ఒక కాయితం మీద ప్రింటు తీసిన.
ఎవరికి ఏ కార్డు, బస్సుకు అటు దిక్కు పర్మిట్టు,
ఏ నోట్లు చెల్లుతయో ఆన్నే అడగాలె.
కింద పెన్నుతోటి రాసిన:
బయలెల్లే ముందు రోజు మళ్ళొకసారి చూసుకోవాలె, మారుతయి.

"లామినేషన్ చెయ్యి బిడ్డా, నలగకుంట ఉంటది."
"వద్దు చిన్నమ్మా. లామినేషన్ చేస్తె మళ్ళ దిద్దరాదు."

కొంరమ్మ తన కార్డును ఎలుగుకు ఎత్తి పట్టుకున్నది.
మెరిసే ప్లాస్టిక్ కింద
కొమురయ్య చెక్కు చెదరకుంట ఉన్నడు.