పదకొండు యూనిట్లు

ముప్పై ఒక్క ఏళ్ళు
ఈ దివాణానికి పెరటి గుమ్మంలోంచే వచ్చాను.
మీటరు వంటింటి వసారాలో ఉండేది,
పిడకల బుట్టకి పైన,
మూత నిండా బల్లిగుడ్ల పెంకులు.

ఇవాళ ఇరవై రూపాయల టిక్కెట్టు కొనుక్కుని
సింహద్వారం ముందు నిలబడ్డాను,
చెప్పులు విప్పాలో అక్కర్లేదో తెలీక.
"వచ్చెయ్యండి బాబుగారూ, గుడి కాదు కదా"
అంది టిక్కెట్లు చింపే పిల్ల.
అయినా విప్పేశాను.

పింఛను తీసుకునేవాళ్ళం నలుగురం,
కోటలు చూద్దామని పొద్దున్నే పంటెక్కి వైనతేయ దాటాం.
మొదటి కోటలో కొబ్బరిపీచు గోడౌను.
సింహాసనం ఉండే చోట తూకం కాటా.
రెండోది కల్యాణమండపం అయిపోయింది,
ఎవరిదో పెళ్ళి, మేడ మీదికి వెళ్ళనివ్వలేదు గానీ
ఎవరో ఏమిటో అడక్కుండా
విస్తళ్ళు వేసి పనసపొట్టు కూర వడ్డించారు.
మూడోది ఇది.

పిల్ల పేరు పల్లాలమ్మ. గడగడా అప్పజెబుతోంది:
బర్మా టేకు స్తంభాలండి, బెల్జియం అద్దమండి,
నలభై రెండు గదులండి,
ఎనభై ఆరు వరద ఇదిగో ఇక్కడిదాకా వచ్చిందండి.
గోడ మీద మట్టిగీత
సరిగ్గా ఆ పిల్ల గొంతు దగ్గరుంది.

"ఈ కన్నం చూశారాండి,
పంకా తాడు ఇందులోంచి పోయేది,
గోడకి అవతల కూర్చుని మనిషి లాగేవాడు."

ఆ కన్నం నాకు అవతలి వైపు నుంచి తెలుసు.
తాడు కుళ్ళిపోయాక
కరెంటు తీగని కూడా అందులోంచే లాగారు.
ఉడత కొరికిన చోట, నా పని కాకపోయినా,
నిచ్చెనెక్కి టేపు చుట్టింది నేనే.

"చివరి రాణిగారు బుచ్చి సీతాయమ్మగారండి,
ఆఖరిదాకా దర్జాగానే బతికారండి.
చీకటి పడితే ప్రతి గదిలో దీపం వెలగాల్సిందేనంట."

నలభై రెండు గదులు.
నెలకి పదకొండు యూనిట్లు.
ఒక్క బల్బు, ఒక చిన్న రేడియో.
ఫ్యానుంటే ఇరవై దాటాలి కదా.
రోహిణీ కార్తెలో,
కాలవ నీళ్ళు కూడా చెమట పట్టినట్టుండే ఉక్కలో
అదే పదకొండు.

తలుపు చాటు నుంచి అడిగేవారు,
"ఎంతయిందోయ్?"
మనిషి కనపడేవారు కాదు, గొంతు మాత్రం కోటంత.
నేను అంకె చెప్పేవాణ్ణి.
"అంతేనా!"
ఎక్కడెక్కడో దీపాలు ఆర్పడం మర్చిపోయినట్టు
ఆశ్చర్యపోయేవారు.

రెండేళ్ళు పట్టింది నాకు తెలివి రావడానికి.
మూడో ఏడు నుంచీ కార్డు మీద ఉన్నది ఉన్నట్టు రాసి
నోటితో మాత్రం,
"ఈ నెల కాస్త ఎక్కువే కాలిందండి" అనేవాణ్ణి.
"చుట్టాలొచ్చారులే" అనేవారు ఆవిడ,
మెల్లిగా, సంతోషంగా.

మజ్జిగ వెండి గ్లాసులో వచ్చేది.
తర్వాత కంచు గ్లాసులో.
తర్వాత అంచు సొట్టపోయిన స్టీలు గ్లాసులో.
మజ్జిగ మాత్రం పలచబడలేదు,
నిమ్మాకు వెయ్యడం మానలేదు.

ఒక ఆషాఢంలో
మీటరు చక్రం కదలకుండా ఉంది.
కాసేపు నిలబడ్డాను.
ఎంతయిందని ఎవరూ అడగలేదు.
పాత అంకె కిందే మళ్ళీ పాత అంకె వేసి
సైకిలెక్కాను.

పల్లాలమ్మ స్విచ్చి నొక్కింది.
షాండ్లియరు మొత్తం భగ్గుమంది,
కొత్త బల్బులు, చైనావి కాబోలు.
మా సుబ్బారాయుడు నోరు తెరిచాడు.
నేను అలవాటు కొద్దీ
గంటకెంత కాలుతుందో లెక్క వేసుకుంటున్నాను.

"నిజంగా అన్ని గదుల్లోనూ వెలిగేవంటారా?"
సుబ్బారాయుడికి మొదట్నుంచీ అనుమానాలెక్కువ.
పిల్ల తడబడింది. ఎవరు చెప్పారో ఏమో దానికి మాత్రం.
"వెలిగేవి" అన్నాను నేను.
"మీటరు చూసింది నేనే. నాకు తెలీదా?"

ఆఖరి పంటు అయిదున్నరకి.
తొందరలో వంటింటి వసారా దాటి
పెరటి గుమ్మంలోంచి రేవుకి నడిచేశాను.
ఇసక చుర్రుమన్నాక గుర్తొచ్చింది,
చెప్పులు సింహద్వారం దగ్గరే ఉండిపోయాయి.