చేప కన్ను

మతొజిన్యోష్ రేవులో ముప్పై ఒక్క ఏళ్లు
సార్డీన్ డబ్బాల ఫ్యాక్టరీలో నిలబడ్డాను.
చేప ఏనాటిదో కన్ను చూసి చెప్పేదాన్ని,
వాసన దాకా వెళ్లే పనే లేదు.

మంగళవారం. కాఫీ ఇంకా పొయ్యి దిగలేదు.
ఫోన్‌లో పన్నుల శాఖ:
"ప్రియమైన పౌరులారా, మీకు రెండు వందల పద్నాలుగు యూరోలు రావాలి.
ఈ రాత్రిలోగా కింద నొక్కండి."

ప్రియమైన!
ఆ ఆఫీసు కిటికీ ముందు ఎన్ని పూటలు నిలబడ్డానో,
ఒక్కసారైనా తలెత్తారా?
వాళ్లు బాకీ పడితే ఏడాది తిప్పుతారు,
తొందరంతా మనం బాకీ పడ్డప్పుడే.

ఇదంతా తర్వాత తోచిన తెలివి.
అప్పటికే కార్డు మీది అంకెలు
పన్నెండు కొట్టేశాను.
మిగతా నాలుగూ అరిగిపోయి కనబడక
కళ్లజోడు కోసం లేచాను.
పెట్టుకుని చూస్తే
సందేశం కన్ను పాలిపోయి ఉంది.

స్టేషన్‌లో కుర్రాడు అడిగాడు, డబ్బు పోయిందా?
పోలేదన్నాను.
మరెందుకొచ్చావన్నట్టు పెన్ను ఆపాడు.
రాయి నాయనా,
ఆ నంబరు రాయి,
లింకులో ఒక అక్షరం ఎక్కువుంది, అదీ రాయి,
పన్నెండు అంకెలు కొట్టానని కూడా రాయి,
సిగ్గుపడుతూనే చెబుతున్నాను.

పై అంతస్తు అల్జీరా
నడి చలికాలంలో హీటరు ఎందుకమ్మిందో
ఎవరికీ చెప్పలేదు.
నేనూ అడగలేదు.

ఇంటికి పోకుండా ఇంకో అంతస్తు ఎక్కి
తలుపు కొట్టాను.
నా చేతిలో ఫిర్యాదు కాగితం
చాలాసేపు చూసింది.
"నీకూనా?" అంది.